రికవరీ డ్రైవా, ఇన్‌స్టాలరా, డిస్క్ ఇమేజా: ఇంటి కంప్యూటర్‌కి ఏది చేసిపెట్టుకోవాలి

ఇంటి కంప్యూటర్ మొరాయించిన రోజున అక్కరకొచ్చేవి నాలుగు. విండోస్‌లోనే ఉన్న పనిముట్టుతో మనం తయారుచేసుకునే రికవరీ డ్రైవ్. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దింపుకునే ఇన్‌స్టాలర్. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు తమ మోడల్‌కి తగ్గట్టు ఇచ్చే ఫ్యాక్టరీ రికవరీ. డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు తిరిగి తెచ్చే ఇమేజ్. మొదటి మూడూ విండోస్‌ని నిలబెడతాయి గానీ పెళ్ళి ఫోటోల్నీ, ట్యాలీ డేటానీ తిరిగి తేలేవు. రికవరీ డ్రైవ్ చేసుకున్నాం కదా, ఇక ఫైళ్ళకి ఢోకా లేదని ధీమాగా ఉండేవాళ్ళకి ఈ సంగతి తెలిసేది అంతా చెరిగిపోయాకే.

తొందరలో ఉన్నవాళ్ళకి తేల్చి చెప్పాలంటే: ఒక్కటే చేసుకునే ఓపిక ఉంటే ఇన్‌స్టాలర్ చేసుకోండి. అందులోనే డ్రైవర్ల (వైఫై, డిస్కు లాంటివాటిని విండోస్ గుర్తుపట్టేలా చేసే చిన్న ప్రోగ్రాముల) ఫోల్డర్ ఒకటి వేసుకోండి, బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకి వేసే తాళం) కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. బ్రాండెడ్ ల్యాప్‌టాప్ కొత్తగా కొన్నవాళ్ళు దానికి తోడు రికవరీ డ్రైవ్ కూడా చేసుకుంటే మంచిది. సాఫ్ట్‌వేర్లు మళ్ళీ ఎక్కించుకోవడమే పెద్ద తలనొప్పి అయిన మెషీన్లకి ఇమేజ్ తప్పదు. ఫైళ్ళ బ్యాకప్ మాత్రం ఏది ఎంచుకున్నా విడిగా ఉండాల్సిందే.

విండోస్ సొంత రికవరీ డ్రైవ్

స్టార్ట్ మెనూలో 'రికవరీ డ్రైవ్' అని వెతికితే 'క్రియేట్ ఎ రికవరీ డ్రైవ్' వస్తుంది. తెరిచిన మొదటి తెరలోనే ఒక టిక్ ఉంటుంది: 'బ్యాకప్ సిస్టమ్ ఫైల్స్ టు ది రికవరీ డ్రైవ్'. కథంతా ఈ టిక్ దగ్గరే. దాన్ని తీసేస్తే చిన్న పెన్‌డ్రైవ్ చాలు, పని కూడా చిటికెలో అయిపోతుంది. కానీ అందులో స్టార్టప్ రిపేర్, కమాండ్ ప్రాంప్ట్, సిస్టమ్ రీస్టోర్, అప్‌డేట్ తీసేసే సదుపాయం లాంటి పనిముట్లే ఉంటాయి. వాటితో బాగుకాకపోతే విండోస్‌ని మళ్ళీ ఎక్కించడానికి అందులో సరుకు లేదు. టిక్ ఉంచితే కనీసం 16 జీబీ అడుగుతుందనుకోండి; విండోస్ 11కి 32 జీబీది పెట్టుకుంటే మధ్యలో 'చోటు చాలదు' అనే పేచీ ఉండదు. 64 జీబీది పెట్టినా లాభం లేదు. ఈ పద్ధతి పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే పాత అమరికలో ఫార్మాట్ చేస్తుంది, విండోస్ అలా చేసే విభాగం 32 జీబీ దాటదు, మిగతా చోటు ఎవరికీ కేటాయించకుండా పడి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుందని వేరే చెప్పక్కర్లేదు.

టిక్ ఉంచి చేస్తే గంట పట్టొచ్చు, పాత యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్ అయితే ఇంకా ఎక్కువే. మధ్యలో పచ్చగీత కదలడం మానేసినట్టు కనిపిస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ పీకేయకండి. టాస్క్ మేనేజర్ తెరిచి 'పెర్ఫార్మెన్స్'లో ఆ డ్రైవ్‌కి రాత నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే వదిలేసి వంట పని చూసుకోవచ్చు.

దీనికున్న గొప్ప సుగుణం డ్రైవర్లు. ఆ మెషీన్‌లో అప్పటికి ఉన్న స్టోరేజీ, వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు దీంతోపాటే వస్తాయి కాబట్టి, విండోస్ మళ్ళీ ఎక్కాక ఇంటర్నెట్ లేక బిక్కమొహం వేయాల్సిన పని ఉండదు. దానికి మూల్యం, ఇది ఆ ఒక్క కంప్యూటర్‌కే పనికొస్తుంది. పనిముట్లు పక్కింటివాళ్ళ మెషీన్ మీద కూడా తెరుచుకోవచ్చు గానీ, విండోస్ ఎక్కించే పనికి మాత్రం దేని మీద తయారుచేశారో దాని మీదే వాడాలి. 'రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్' నొక్కితే రెండు దారులు చూపిస్తుంది: ఫైళ్ళు మాత్రం తీసేయనా, డిస్కుని పూర్తిగా శుభ్రం చేయనా అని. మొదటి దారి పేరు విని అది కాస్త మెత్తనిదని అనుకోకండి. రెండింట్లోనూ మీ ఫైళ్ళూ ప్రోగ్రాములూ పోతాయి. రెండోది డిస్కుని అమ్మేముందో, ఇంకొకరికి ఇచ్చేముందో వాడేది.

తయారుచేస్తుంటే 'వుయ్ కాంట్ క్రియేట్ ది రికవరీ డ్రైవ్' అని అర్ధాంతరంగా ఆగిపోయే సందర్భాలు తక్కువేం కాదు. ముందు అనుమానించాల్సింది విండోస్ లోపలి రికవరీ విభాగం ఆగిపోయి ఉండటం. పాత హార్డ్ డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి సీ డ్రైవ్ ఒక్కటే క్లోన్ చేసినప్పుడూ, ఖాళీ చోటు కోసం చిన్న చిన్న విభాగాల్ని తీసేసినప్పుడూ ఇలా అవుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి 'రీఏజెంట్‌సీ /ఇన్ఫో' కొట్టండి. స్పెల్లింగ్ ఆర్, ఈ, ఏ, జీ, ఈ, ఎన్, టీ, సీ. కలిపి రాయాలి, తర్వాత ఒక ఖాళీ వదలాలి. స్టేటస్ 'డిసేబుల్డ్' అని వస్తే అదే మాట తర్వాత '/ఎనేబుల్' కొట్టి, మళ్ళీ ప్రయత్నించండి. ఎనేబుల్ కూడా కావట్లేదంటే లోపలి రికవరీ ఫైలే లేదన్నమాట. దాని వెంట పడి సగం రోజు పోగొట్టుకునే బదులు ఇన్‌స్టాలర్ దారి పట్టడం నయం.

డిస్కులోనే రికవరీ విభాగం ఉండగా బయట ఇంకోటి ఎందుకని కొందరు అడుగుతారు. ఎస్‌ఎస్‌డీ పోతే ఆ విభాగం కూడా దాంతోపాటే పోతుందన్నది ఒక జవాబు. రెండోది 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్టే ఇచ్చింది. ఆ నెల 14న విడుదలైన విండోస్ 11 అప్‌డేట్ ఎక్కాక, రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డూ మౌసూ పనిచేయడం మానేశాయి. విండోస్ మామూలుగా నడుస్తున్నప్పుడు అన్నీ బాగానే ఉండేవి. రికవరీలోకి వెళ్ళాక మాత్రం తెర మీద బటన్లు కనిపించేవి గానీ నొక్కే దారి లేదు. సరిదిద్దే అప్‌డేట్ 20వ తేదీన వచ్చింది. అది ఎక్కించుకోవాలంటే విండోస్ తెరుచుకోవాలి కదా! అంతకుముందే రికవరీ డ్రైవ్ చేసిపెట్టుకున్నవాళ్ళు దాని మీద నుంచి బూట్ చేసుకోవచ్చన్నది (అంటే లోపలి డిస్కు బదులు ఆ పెన్‌డ్రైవ్‌తోనే కంప్యూటర్‌ని మొదలుపెట్టడం) మైక్రోసాఫ్ట్ చూపిన దారుల్లో ఒకటి.

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్

ఇది 8 జీబీలో సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీకి వెళ్ళి 'మీడియా క్రియేషన్ టూల్' దింపుకుని నడిపిస్తే, తనే ఫైళ్ళు తెచ్చుకుని పెన్‌డ్రైవ్ సిద్ధం చేస్తుంది. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది. రోజుకు 2 జీబీ మొబైల్ ప్లాన్ మీద హాట్‌స్పాట్ పెట్టి బెంగళూరు మారతహళ్ళి పీజీలో కూర్చుంటే అది సగంలోనే నీరసపడుతుంది. ఫైబర్ ఉన్న ఇంట్లో చేయండి. 40 ఎంబీపీఎస్ లైన్ మీద 5 జీబీకి పావుగంట పైచిలుకు.

ఇది ఏ కంప్యూటర్‌కైనా పనికొస్తుంది, స్నేహితుల ల్యాప్‌టాప్ మీద కూర్చుని కూడా చేసుకోవచ్చు. దీంతో బూట్ చేసి 'రిపేర్ మై పీసీ' ఎంచుకుంటే రికవరీ డ్రైవ్‌లో ఉండే పనిముట్లే దాదాపు అన్నీ దొరుకుతాయి. అందుకే ఒక్కటే చేసుకునేవాళ్ళకి ఇదే మా సలహా.

దీనికి ఇంకో ఉపయోగం ఉంది, అది చాలామంది దృష్టికి రాదు. విండోస్ తెరుచుకుంటోంది గానీ అప్‌డేట్లు ఎక్కట్లేదు, స్టార్ట్ మెనూ పలకట్లేదు లాంటి అరకొర జబ్బులకి, నడుస్తున్న విండోస్‌లోనే పెన్‌డ్రైవ్ తెరిచి 'సెటప్' మీద డబుల్ క్లిక్ చేసి 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' ఎంచుకోండి. ఫైళ్ళు, ప్రోగ్రాములు చెక్కుచెదరకుండా విండోస్ ఒక్కటే కొత్తగా మారుతుంది. ఆ సదుపాయం కనిపించాలంటే పెన్‌డ్రైవ్‌లోని భాష, ఎడిషన్ మీ విండోస్‌తో కలవాలి. 'ఇంగ్లిష్ ఇంటర్నేషనల్' ఉన్న మెషీన్‌కి 'ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్' పెడితే యాప్స్ ఉంచే దారి మూసుకుపోతుంది. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే ఈ సదుపాయం అసలు ఉండదు, కొత్తగా ఎక్కించడమే.

మన దగ్గర షాపుల్లో అమ్మే ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటికి 'విండోస్ 11 హోమ్ సింగిల్ లాంగ్వేజ్' ఉంటుంది. లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాలర్ దాన్ని చదువుకుని సరైన ఎడిషన్ తనే ఎంచుకుంటుంది. మీరు పనిగట్టుకుని ప్రో ఎంచితే యాక్టివేషన్ కాదు. కీ అడిగితే 'ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ' నొక్కి ముందుకెళ్ళండి. అదే మెషీన్‌లో ఇదివరకు యాక్టివేట్ అయి ఉంటే ఇంటర్నెట్ తగలగానే మళ్ళీ అవుతుంది.

ఇన్‌స్టాలర్‌కి ఉన్న పెద్ద లోటు డ్రైవర్లు. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ప్రాసెసర్ ల్యాప్‌టాప్‌ల్లో ఎస్‌ఎస్‌డీని నడిపే వీఎండీ అనే ఏర్పాటు ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే 'డ్రైవ్‌లు ఏమీ కనిపించలేదు' అని ఇన్‌స్టాలర్ ఖాళీ పెట్టె చూపిస్తుంది. ఎస్‌ఎస్‌డీ పోయిందని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తక్కర్లేదు. ముందే మీ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి 'ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ' డ్రైవర్ దింపుకుని, విప్పి, ఐఎన్ఎఫ్ ఫైల్ కనిపించే ఫోల్డర్‌ని ఇదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. విప్పకుండా సెటప్ ఫైలే వేస్తే ఇన్‌స్టాలర్‌కి అది అర్థం కాదు. అవసరమైనప్పుడు 'లోడ్ డ్రైవర్' నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో (విండోస్‌కి ముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వీఎండీ ఆపేయమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళున్నారు. అప్పటికే ఉన్న విండోస్‌ని కాపాడుకోవాలనుకుంటే అలా చేయొద్దు, అది ఇక బూట్ కాకుండా నీలి తెర వేస్తుంది.

వైఫై డ్రైవర్ కూడా అలాగే పక్కన పెట్టుకోండి. విండోస్ 11 హోమ్ మొదటిసారి తెరుచుకునేటప్పుడు ఇంటర్నెట్ లేకుండా ముందుకు పోనివ్వదు. ఏదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌తో ఈ దారి కుదరదు, దానికి యాపిల్ డ్రైవర్ కావాలి.

టూల్ వాడకుండా ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దింపుకుని చేసేవాళ్ళకి ఒక్క హెచ్చరిక. ఆ ఐఎస్ఓలో 'ఇన్‌స్టాల్ డాట్ విమ్' అనే ఒక్క ఫైలే 4 జీబీ దాటి ఉంటుంది, ఫ్యాట్32 అంత పెద్ద ఫైల్‌ని పట్టలేదు. నేరుగా కాపీ చేస్తే ఆ ఒక్కటి తప్ప అన్నీ ఎక్కుతాయి, పెన్‌డ్రైవ్ బూట్ అవుతుంది, సెటప్ నడిమధ్యలో చతికిలపడుతుంది. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో చేస్తే ఈ చిక్కుని అదే చూసుకుంటుంది.

ఫార్మాట్ చేసేముందు ఫైళ్ళు బయటికి తీసుకోవడం

విండోస్ తెరుచుకోకపోయినా డిస్కు బతికే ఉంటే ఫైళ్ళు తీసుకోవచ్చు, ఖర్చేం లేదు. ఇన్‌స్టాలర్ నుంచి బూట్ చేసి, భాష అడిగే తెరలోనే షిఫ్ట్ + ఎఫ్10 నొక్కండి (కొన్ని ల్యాప్‌టాప్‌ల్లో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి). నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో 'నోట్‌ప్యాడ్' అని కొట్టి ఎంటర్ నొక్కితే మామూలు నోట్‌ప్యాడ్ వస్తుంది. దాంట్లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'టెక్స్ట్ డాక్యుమెంట్స్' ఉన్నచోట 'ఆల్ ఫైల్స్' పెట్టండి. ఇప్పుడు ఆ చిన్న పెట్టే మీకు ఫైల్ ఎక్స్‌ప్లోరర్. 'యూజర్స్' ఫోల్డర్‌లోకి వెళ్ళి, మీ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, బయటి హార్డ్ డిస్కులోకి వెళ్ళి పేస్ట్ చేయండి.

ఇక్కడ రెండు విషయాలు తికమక పెడతాయి. డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి. మీ సీ ఇక్కడ డీ గానో ఈ గానో కనిపించొచ్చు, కాబట్టి అక్షరం చూడకండి, లోపల 'యూజర్స్' ఉందో లేదో చూడండి. రెండోది, కాపీ అవుతున్నంతసేపూ గీతలేవీ రావు, పెట్టె కొయ్యబారినట్టు ఉంటుంది. 50 జీబీ ఫోటోలుంటే అరగంటైనా అలాగే ఉంటుంది. హార్డ్ డిస్కు దీపం మిణుకుమంటున్నంతవరకూ పని నడుస్తున్నట్టే.

ఇంతకన్నా సుఖంగా కావాలంటే విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్ మింట్ లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంచుకోవచ్చు. అందులో కాపీకి గీతలు కనిపిస్తాయి, బిట్‌లాకర్ డిస్కుని కూడా కీ ఇచ్చి తెరవొచ్చు. అన్ని ఐఎస్ఓలూ ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టే వెంటాయ్ మంచిదే గానీ, సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైళ్ళని మాత్రమే నడవనిచ్చే భద్రత) ఉన్న మెషీన్ మీద మొదటిసారి నీలి తెరలో కీ నమోదు చేయమంటుంది. అలవాటు లేనివాళ్ళ చేతికి అది ఇవ్వకపోవడమే మేలు.

కంపెనీ వాళ్ళ రికవరీ

డెల్‌కి 'ఓఎస్ రికవరీ టూల్', హెచ్‌పీకి 'క్లౌడ్ రికవరీ టూల్', లెనోవోకి సీరియల్ నంబర్ అడిగే డిజిటల్ డౌన్‌లోడ్ రికవరీ ఉన్నాయి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబర్ ఇస్తే మీ మోడల్‌కి ఫ్యాక్టరీలో ఎక్కించిన సరుకే దిగుతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టండి. డ్రైవర్లన్నీ ఉంటాయి, వాటితోపాటు మొదటిరోజు మీరు విసుక్కుంటూ తీసేసిన ట్రయల్ యాంటీవైరస్ కూడా ఉంటుంది. పాత మోడళ్ళకి పాత విండోస్ వెర్షనే దిగొచ్చు, ఆపైన అప్‌డేట్లకి ఇంకో పూట. వేరే కంప్యూటర్ మీద కూర్చుని ఎప్పుడైనా చేసుకోగలిగేదే కాబట్టి ముందుగా చేసిపెట్టుకోవాల్సిన తొందర లేదు. సీరియల్ నంబర్ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి చాలు. అసెంబుల్డ్ కంప్యూటర్లకి ఈ వెసులుబాటు లేదు.

ఇమేజ్ ఎవరికి

విండోస్ ఎక్కించడం గంట పని. దాని మీద ట్యాలీ, ప్రింటర్, స్కానర్, పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, డిజిటల్ సంతకం టోకెన్ డ్రైవర్, బ్యాంకు వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్ ఇవన్నీ మళ్ళీ కుదురుకోవడానికి రెండు మూడు రోజులు. ఇంట్లోంచి జీఎస్టీ లెక్కలు చూసేవాళ్ళూ, తెలుగు డీటీపీ చేసేవాళ్ళూ ఉన్నచోట ఇమేజ్ తీయకుండా ఉండటం దుబారా. సీడీ ఎక్కడో పోయిన సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్‌కైతే ఇంకో దారే లేదు.

కంట్రోల్ ప్యానెల్‌లో 'బ్యాకప్ అండ్ రీస్టోర్ (విండోస్ 7)' పేరుతో ఇమేజ్ తీసే పాత సదుపాయం ఇంకా కనిపిస్తుంది. దాన్ని వదిలేస్తున్నామని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది, దాని మీద కొత్తగా ఆశలు పెట్టుకోవద్దు. చాలాకాలం అందరూ వాడిన మ్యాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి 2024 జనవరి 1తో సపోర్ట్ ఆగిపోయింది. ఇప్పుడు డబ్బు పెట్టకుండా చేయాలంటే రెస్క్యూజిల్లా తీసుకోండి. ఇలాంటిదే ఇంకో ఉచిత ప్రోగ్రాం క్లోన్‌జిల్లా తీసిన ఇమేజ్‌లని కూడా ఇది చదువుతుంది, పైగా మౌస్‌తో నొక్కే తెరలు ఉంటాయి. క్లోన్‌జిల్లా శక్తిమంతమైనదే, అయితే అందులో డిస్కుల పేర్లు 'ఎస్‌డీఏ', 'ఎన్‌వీఎంఈ0ఎన్1' అని వస్తాయి. రీస్టోర్ చేసేటప్పుడు తప్పు పేరు ఎంచుకుంటే బ్యాకప్ డిస్కే చెరిగిపోతుంది. డిస్కు సైజు చూసి గుర్తుపట్టండి: 512 జీబీది లోపలిది, 1 టీబీది బయటిది అన్నట్టు.

ఇమేజ్ తీసేముందు విండోస్‌ని నిజంగా ఆపాలి. మామూలుగా 'షట్‌డౌన్' నొక్కితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది, ఆ స్థితిలో ఉన్న డిస్కుని చూసి ఈ సాఫ్ట్‌వేర్లు పేచీ పెడతాయి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, లేదా రీస్టార్ట్ చేసి అటునుంచి అటే పెన్‌డ్రైవ్‌కి వెళ్ళండి. బిట్‌లాకర్ ఉన్న విభాగంలో ఏది ఖాళీయో బయటివాళ్ళకి తెలియదు కాబట్టి మొత్తం సెక్టార్లన్నీ కాపీ అవుతాయి. 100 జీబీ వాడిన 512 జీబీ డిస్కు ఇమేజ్ కూడా భారీగా వస్తుంది. అలాంటి మెషీన్లకి విండోస్ లోపలినుంచే నడిచే వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ లాంటిది మేలు, వాడిన చోటు మాత్రమే తీసుకుంటుంది. దానికి విడిగా బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ చేసుకోవడం మర్చిపోతే ఇమేజ్ ఉండీ లేనట్టే.

కొత్త ఎస్‌ఎస్‌డీ పాతదానికన్నా ఒక్క జీబీ చిన్నదైనా రీస్టోర్ మొండికేస్తుంది. 500 జీబీ, 512 జీబీ ఒకటేలే అని కొనేయొద్దు.

ఇన్వర్టర్ లేని డెస్క్‌టాప్ మీద ఈ పనులేవీ మొదలుపెట్టకండి. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కరెంటు పోయి జెనరేటర్ అందుకునేలోపు పట్టే కొన్ని సెకన్లు చాలు, రీస్టోర్ సగంలో తెగిపోయి డిస్కు రెంటికీ చెడుతుంది. 600 వీఏ యూపీఎస్ ఉంటే గట్టెక్కుతారు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తగిలించి ఉంచండి.

48 అంకెల కాగితం

పైన చెప్పిన పెన్‌డ్రైవులన్నీ ఉండి, ఇది లేకపోతే చాలాచోట్ల గుమ్మం దగ్గరే ఆగిపోతారు. విండోస్ 11 24హెచ్2 లేదా ఆ తర్వాతి వెర్షన్ కొత్తగా ఎక్కిన మెషీన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే, హోమ్ ఎడిషన్ అయినా సరే, డిస్కుకి తాళం దానంతటదే పడిపోతుంది. మనకి చెప్పి చేసినట్టు ఉండదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రిపేర్‌కో, ఫైళ్ళ కాపీకో దిగగానే రికవరీ కీ అడుగుతుంది. బయోస్ అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా అడగొచ్చు. డిస్కు మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించడానికి మాత్రం కీ అక్కర్లేదు, అప్పుడు పోయేది డేటా.

'మేనేజ్ బిట్‌లాకర్' లేదా సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' చూడండి. ఆన్‌లో ఉంటే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఆ కంప్యూటర్ పేరు కింద 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. పక్కనే కీ ఐడీ ఉంటుంది. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుంటే ఏ కీ దేనిదో తేల్చేది అదే, కాబట్టి దాని మొదటి 8 అక్షరాలు కూడా రాసుకోండి. కాగితం పాస్‌పోర్టులు పెట్టే చోట ఉండాలి. ల్యాప్‌టాప్ బ్యాగులో పెడితే, బ్యాగు పోయిన రోజున దొంగకి తాళంచెవి కూడా అప్పగించినట్టవుతుంది.

ఆఫీసు వాళ్ళిచ్చిన ల్యాప్‌టాప్‌నే ఇంటి కంప్యూటర్‌గా వాడుకునే ఇళ్ళు వైట్‌ఫీల్డ్, బెళ్ళందూరు వైపు కొల్లలు. దాని కీ కంపెనీ ఐటీ వాళ్ళ దగ్గర ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి.

పెన్‌డ్రైవ్ కొనడం

బెంగళూరులో కంప్యూటర్ సరుకు దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్ళేవాళ్ళు కె.ఆర్. మార్కెట్ మెట్రోలో దిగి నడవొచ్చు. బిల్లిచ్చే షాపులో, పేరున్న బ్రాండ్ 32 జీబీ యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ అడగండి. ఫుట్‌పాత్ మీద కారుచౌకగా దొరికే '1 టీబీ', '2 టీబీ' పెన్‌డ్రైవుల లోపల ఉండేది 8 జీబీయో 32 జీబీయో. విండోస్‌కి పెద్ద సైజు చెప్పేలా దాని ఫర్మ్‌వేర్‌ని మార్చేస్తారు. రాత అయిపోయినట్టే కనిపిస్తుంది, అసలు చోటు దాటాక రాసిందంతా గాల్లో కలుస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌ని నిండా రాసి తిరిగి చదివి నిజం చెప్తుంది. సెకనుకు 8 ఎంబీ రాసే నెమ్మది పెన్‌డ్రైవ్ అయితే 32 జీబీ నింపడానికే గంట దాటుతుంది. ఆ సంఖ్య చూస్తే అది ఎలాంటి సరుకో కూడా తెలిసిపోతుంది.

ఊళ్ళో అమ్మానాన్నల కంప్యూటర్

మీరు బెంగళూరులో, కంప్యూటర్ అనంతపురంలోనో నెల్లూరులోనో ఉంటే ఎంపిక మారుతుంది. రికవరీ డ్రైవ్ ఆ మెషీన్ మీదే చేయాలి కాబట్టి సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఒక పూట దానికి కేటాయించండి. అక్కడ మాత్రం ఇన్‌స్టాలర్ కన్నా రికవరీ డ్రైవే నయం: డ్రైవర్ ఫోల్డర్ వెతికించాల్సిన పని ఉండదు, ఫోన్‌లో చెప్పి చేయించే మెట్లు తక్కువ. పెన్‌డ్రైవ్‌కి స్టిక్కర్ అతికించి బూట్ మెనూ కీ రాయండి. "నాన్నా, ఆపేసి మళ్ళీ ఆన్ చేయండి, లోగో రాకముందు నుంచే ఎఫ్12 టకటకా నొక్కుతూ ఉండండి, నొక్కి పట్టుకోవద్దు" అన్నంత వివరంగా చెప్పాలి. వీడియో కాల్‌లో ఫోన్‌ని తెర వైపు తిప్పమంటే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది. ఫైళ్ళు బయటికి తీశామని ఖాయమయ్యేదాకా 'రికవర్ ఫ్రమ్ ఎ డ్రైవ్' మీద చెయ్యి వేయొద్దని మాత్రం ముందే గట్టిగా చెప్పి ఉంచండి.

ఆ మెషీన్ విండోస్ 10ది అయితే, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి అర్హత లేని పాత ప్రాసెసర్ అయితే విండోస్ 10 ఇన్‌స్టాలరే చేసిపెట్టాలి. 11 ఇన్‌స్టాలర్ దాని మీద ఎక్కనని చెప్పేస్తుంది.

బూట్ చేసి చూడటం

చేసిన పెన్‌డ్రైవ్‌తో అదే రోజు ఒకసారి బూట్ చేయండి, నీలి తెర మీద మెనూ వచ్చేదాకా చాలు, అక్కడ ఆపేయొచ్చు. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎస్కేప్ తర్వాత ఎఫ్9, ఏసస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్, ఏసస్ మదర్‌బోర్డులకి ఎఫ్8, ఎంఎస్ఐకి ఎఫ్11, గిగాబైట్‌కి ఎఫ్12. ఏసర్‌కి కూడా ఎఫ్12యే, కానీ చాలా మోడళ్ళలో ఎఫ్2 నొక్కి బయోస్‌లోకి వెళ్ళి 'ఎఫ్12 బూట్ మెనూ' ఆన్ చేస్తే గానీ పలకదు. కొన్ని లెనోవోలకి పక్కన సూది పట్టే రంధ్రం ఉంటుంది, సిమ్ పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది. విండోస్ తెరుచుకుంటున్నంతకాలం ఇవేవీ అక్కర్లేదు, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి 'యూజ్ ఎ డివైస్' ఎంచుకోవచ్చు. జాబితాలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే 'యూఈఎఫ్ఐ' అని మొదలయ్యేదాన్ని తీసుకోండి.

ఏడాదికోసారి పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ చేసుకోవాలి. పాతది ఎక్కించాక గంటలకొద్దీ అప్‌డేట్లు మోయాల్సి రావడం ఒక కారణమైతే, సెక్యూర్ బూట్ రెండోది. 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతూ వస్తుంది, వాటి చోట 2023వి ఎక్కుతున్నాయి. గడువు తీరినంత మాత్రాన పాత పెన్‌డ్రైవ్ ఆగిపోదు. కానీ పాత బూట్ ఫైళ్ళని నమ్మొద్దని కంప్యూటర్‌కి చెప్పే మార్పు ఎక్కిన మెషీన్ మీద, అంతకుముందు చేసిన పెన్‌డ్రైవ్ పెడితే భద్రతా లోపమని ఎర్రగా చూపించి ఆగిపోతుంది. స్టిక్కర్ మీద చేసిన నెల, సంవత్సరం కూడా రాసి ఉంటే ఏది పాతదో వెతుక్కోనక్కర్లేదు.